పటిక, పరీక్షనాళిక, టీకా

ఇంటర్మీడియట్ చదువు పిల్లలు గల యిండ్లలో తరచుగా ఒక మాట వినవచ్చును: “రసాయన శాస్త్రమా? అది బట్టీ పట్టవలసిన పాఠము.” ఈ మాట ఎంతవరకు నిజమో విచారించుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్, షామీర్‌పేటల వరకు పోయిన చాలును.

ముందుగా వంటయింటి పటికను తీసికొందము. వానకాలమున నీరు బురదగా వచ్చినపుడు మన పెద్దలు బిందెలో పటికను నాలుగుమార్లు త్రిప్పెడివారు. కొంతసేపటికి నీరు తేటపడెడిది. పటికలో అల్యూమినియం కలదు. అది నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడు అను తెల్లని జిగురు పదార్థముగా మారి, బురదరేణువులను పట్టుకొని అడుగునకు దిగును.

ఈ పదార్థమునే విద్యార్థి ప్రయోగశాలలో చూచును. అల్యూమినియం లవణ ద్రావణమునకు అమ్మోనియం క్లోరైడును, అమ్మోనియం హైడ్రాక్సైడును చేర్చగా గంజివంటి తెల్లని అవక్షేపము ఏర్పడును. దానికి ఆమ్లమును చేర్చిన కరగును. సోడియం హైడ్రాక్సైడును అధికముగా చేర్చినను కరగును. ఉభయులతోను చర్య జరుపుట దీని స్వభావము.

ఇక మేడ్చల్‌కు పోదము. 1993లో వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, కాలేయమును దెబ్బతీయు హెపటైటిస్-బి వ్యాధికి 1997లో టీకాను వెలువరించినది. జన్యుసాంకేతికతతో మన దేశమున తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అదియే. వ్యాధినిరోధకశక్తిని మేల్కొలుపు ప్రోటీను ఆ టీకాలో అల్యూమినియం హైడ్రాక్సైడు రేణువుల ఉపరితలమునకు అంటియుండును. ఇట్లు అంటుకొనుటను అధిశోషణమందురు. షామీర్‌పేట వైపున తుర్కపల్లి వద్దనున్న భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌కు 2021 జనవరిలో అత్యవసర వినియోగమునకు అనుమతి లభించినది. దానిలోను ఈ పదార్థమే కలదు. అల్యూమినియం లవణములు టీకా బలమును పెంచునని 1926లోనే ఇంగ్లండులో గ్లెన్నీ, ఆయన సహచరులు కనుగొనిరి.

ఇందు గృహస్థులు గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఇట్టి టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరుపవలెను. గడ్డకట్టినచో ఆ జిగురురేణువులు ముద్దలగును. మరల కరగినను పూర్వపుస్థితి రాదు. టీకా బలము క్షీణించును. అట్టి సీసాను కదిలించి నిలిపినచో ముద్దలు త్వరగా అడుగున చేరును. ఆరోగ్యకార్యకర్తలు చేయు కుదుపు పరీక్షకు ఆధారమిదియే. చంటిబిడ్డకు రక్షణ కలుగునా లేదా యనునది ఒక్కొక్కప్పుడు అవక్షేపమును కంటితో గుర్తించుటపై ఆధారపడియుండును.

కాగా, ప్రయోగమునాడు లవణము పేరును ముందే తెలిసికొని, చూడని అవక్షేపమును చూచితినని వ్రాయు విద్యార్థికి మార్కులు రావచ్చును. కాని రేపు ఈ ప్రాంతపు కర్మాగారములోనో, ఆరోగ్యకేంద్రములోనో నిలిచినపుడు ఆ మార్కులు వానికి చూపునీయలేవు. సూత్రములను కంఠస్థము చేయవలదని మేము చెప్పుట లేదు. గుర్తుంచుకొనక ఏ శాస్త్రమును రాదు. అయితే కంఠస్థమునకు ముందు కన్ను, చేయి పనిచేయవలెను.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. పిల్లలు ప్రయోగశాలనుండి ఇంటికి వచ్చినపుడు “ఎన్ని మార్కులు వచ్చినవి?” అని అడుగుటకు ముందు, “ఈనాడు నాళికలో ఏమి చూచితివి?” అని అడుగుడు.