పాత మేడ ఇంటికి డక్టు లేని ఏసీ: ఎంపికలో శాస్త్రం



2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వడగాలులకు వేయిమందికి పైగా చనిపోయారు. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో కనీసం ఒక గదైనా చల్లగా ఉండటం ఆరోగ్యానికి అవసరం. అయితే ఏసీ కొనేటప్పుడు చాలామంది గది పొడవు, వెడల్పులు మాత్రమే చూస్తారు. పాత రెండంతస్తుల ఇంటికి ఈ లెక్క చాలదు. కొలతలు ఒకటే అయినా కింది గదిలోకి వచ్చే వేడి వేరు, మేడ గదిలోకి వచ్చే వేడి వేరు. ఆ తేడాను ఎలా లెక్కించాలో, దానిని బట్టి ఏసీని ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

టన్ను అంటే ఏమిటి?

ఏసీ గదిలోని వేడిని బయటికి మోసుకుపోయే యంత్రం. అది ఎంత వేగంగా మోయగలదో టన్నులలో చెబుతారు. ఈ టన్ను యంత్రం బరువు కాదు. 2,000 పౌన్ల, అంటే సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటలలో కరగడానికి ఎంత వేడి కావాలో, ఒక టన్ను ఏసీ 24 గంటలలో అంత వేడిని తొలగిస్తుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. లెక్క కడితే ఒక టన్ను సుమారు 3.5 కిలోవాట్లకు సమానం.

డక్టు ఎందుకు అక్కర్లేదు?

పెద్ద భవనాలలో ఒకచోట గాలిని చల్లబరచి, వెడల్పాటి రేకు గొట్టాల ద్వారా గదులకు పంపుతారు. ఆ గొట్టాలే డక్టులు. గాలి విశిష్టోష్ణం, సాంద్రత తక్కువ. 10 డిగ్రీల తేడాతో ఒక టన్ను వేడిని మోయాలంటే సెకనుకు దాదాపు 290 లీటర్ల గాలి కావాలి. అందుకు సుమారు 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం పట్టాలి. టేకు దూలాలు, ఇటుకలు, సున్నంతో కట్టిన పాత మిద్దెలో దానికి చోటెక్కడిది?

స్ప్లిట్ ఏసీలో వేడిని మోసేది శీతలీకరణ ద్రవం. ఆర్-32 అనే ద్రవం గది లోపలి యూనిట్‌లో వాయువుగా మారుతూ కిలోకు సుమారు 250 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. అంటే ఒక టన్నుకు సెకనుకు 14 గ్రాములు చాలు! వేలి మందం రాగి గొట్టాలు రెండు, గోడలో సుమారు 7 సెంటీమీటర్ల రంధ్రం సరిపోతాయి.

కింది గది, మేడ గది

4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల రెండు గదులు ఒకదానిపై ఒకటి ఉన్నాయనుకుందాం. గోడలు, కిటికీలు, మనుషులు, దీపాల వల్ల ఒక్కో గదిలో చేరే వేడి 2.6 కిలోవాట్లు అనుకుందాం. కింది గదికి ఒక టన్ను ఏసీ చాలు.

మేడ గదికి పైకప్పు వేడి తోడవుతుంది. ప్రతి చదరపు మీటరు గుండా, ఒక్కో డిగ్రీ తేడాకు 3 వాట్లు లోపలికి వస్తాయనుకుందాం. ఎండకు కాగిన పైకప్పు గది కంటే 25 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, 16×3×25 = 1,200 వాట్లు. మొత్తం 3.8 కిలోవాట్లు. ఒక టన్ను చాలదు, ఒకటిన్నర టన్ను కావాలి.

ఇప్పుడు పైకప్పుకు తెల్లని పూత వేశామనుకోండి. తేడా 10 డిగ్రీలకు తగ్గితే పైకప్పు వేడి 480 వాట్లే. మొత్తం 3.1 కిలోవాట్లు. మళ్ళీ ఒక టన్నే సరిపోతుంది! తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది కూడా ఈ సూత్రం ఆధారంగానే. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలుస్తారు. 43 డిగ్రీల ఎండలో అది తగ్గుతుంది కనుక లెక్కలో కొంత వెసులుబాటు ఉంచుకోవాలి.

అలాగని మరీ పెద్దది కొనకూడదు. వేగం మారని కంప్రెసర్ అయితే గదిని త్వరగా చల్లబరచి ఆగిపోతుంది. గాలిలోని తేమ సరిగా పోదు. విశాఖపట్నం వంటి తీర నగరాలలో ఇది పెద్ద ఇబ్బంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారుతుంది కనుక ఈ సమస్య తక్కువ.

నక్షత్రాలు చెప్పేదేమిటి?

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లేబుల్‌పై ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అనే సంఖ్య ఉంటుంది. ఒక సీజనులో తొలగించిన వేడిని, ఖర్చయిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది ఇదే. 4,000 యూనిట్ల వేడిని తొలగించడానికి ఈ సంఖ్య 4 అయితే 1,000 యూనిట్ల విద్యుత్తు, 5 అయితే 800 యూనిట్లు కావాలి. ఈ 200 యూనిట్ల ఆదా ఏటా వస్తుంది. ధరలను పోల్చేటప్పుడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

పాత ఇంట్లో గమనించవలసినవి

1. పాత వైరింగ్‌కు ఏసీని కలపకూడదు. తీగలు వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. మీటరు నుంచి ప్రత్యేక సర్క్యూట్, తగిన ఎం.సి.బి., సరైన ఎర్తింగ్ ఉండాలి.

2. సున్నపు గోడకు బయటి యూనిట్‌ను వేలాడదీసే ముందు గోడ బలం చూడాలి. నేలపైన స్టాండు మీద పెట్టడం మేలు. చుట్టూ గాలి ఆడాలి.

3. నీరు పోయే గొట్టం బయటివైపు వాలుగా ఉండాలి. లేకపోతే గోడ చెమ్మగిల్లుతుంది.

4. ఒకే బయటి యూనిట్‌తో రెండు మూడు గదులకు కలపవచ్చు. స్థలం కలిసివస్తుంది. కాని అది చెడిపోతే ఇల్లంతా ఉక్కపోతే.

5. గొట్టాల అతుకులు గట్టిగా ఉండాలి. కారిపోయిన ఆర్-32 భూమిని వేడెక్కించడంలో అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు శక్తిమంతమైనది.

కాబట్టి ముందు గదిలోకి వచ్చే వేడిని తగ్గించండి, తర్వాత మిగిలిన వేడిని గది గదికీ లెక్కించండి, చివరగా ఏసీని ఎంచుకోండి.

అభ్యాసం

1. మీ ఇంటి పై అంతస్తు గదికి పైకప్పు ద్వారా వచ్చే వేడిని లెక్కించండి.
2. రాత్రి పదింటికి కూడా మేడ గది వేడిగా ఉండటానికి కారణం ఏమిటి?