విమానంలో రెండో మనిషి ఎందుకు?

మా గౌరిబిదనూరులో సాయంత్రం మిద్దె మీద కూచుంటే ఆకాశంలో విమానాలు పోతా కనపడతాయి. మొన్న మా మనవడు పేపరు చూసి, "తాతా, ఇంకమీద విమానాన్ని ఒక్క పైలట్టే నడుపుతాడంట" అన్నాడు. మిల్లులో ముప్పై ఏండ్లు చేసినోణ్ణి. మనిషిని తగ్గిస్తామంటే విని ఊరికే ఉండలేను. వానితో చదివించుకుని తెలుసుకున్నది రాస్తున్నాను.

1950లలో సముద్రాలు దాటే పెద్ద విమానాల్లో ముందు గదిలో ఐదుగురు ఉండేవాళ్లు. ఇద్దరు పైలట్లు, ఇంజన్లు చూసుకునే ఇంజనీరు, దారి లెక్కేసే ఆయన, రేడియోలో మాట్లాడే ఆయన. మంచి రేడియోలు వచ్చి ఒకరు పోయిరి. దారి చూపే యంత్రాలు వచ్చి ఇంకొకరు పోయిరి. 1980లలో కంప్యూటర్లు వచ్చి ఇంజనీరూ పోయె. 1989లో వచ్చిన జంబో విమానం, బోయింగ్ 747-400, ఇద్దరితోనే ఎగిరింది. న్యాయంగా చెప్పాలంటే, మనుషులు తగ్గినా విమానాలు ముందుకంటే భద్రమే అయినాయి. వాళ్ల పనిని యంత్రం నిజంగానే చేసింది.

దూరదేశాలకు పోయే విమానాల్లో ఇప్పుడు ముగ్గురు నలుగురు పైలట్లు ఉంటారు. వంతుల మీద పండుకుంటారు, సీట్లలో ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. పైకి పోయి నిలకడగా ఎగిరే గంటల్లో ఒక్కరు మేలుకొని ఉంటే చాలదా అని ఇప్పుడు కంపెనీల ఆలోచన. అట్లయితే మొత్తానికి ఇద్దరు సరిపోతారు. జీతాలు మిగులుతాయి.

2024 ఫిబ్రవరి 17న ఏమైందో వినండి. జర్మనీ నుంచి స్పెయిన్‌కు పోయే లుఫ్తాన్సా విమానంలో పెద్ద పైలట్ బాత్‌రూముకు పోయినాడు. లోపల ఒక్కడే ఉన్న రెండో పైలట్‌కు తెలివి తప్పింది. ఇంచుమించు పది నిమిషాలు విమానం దానంతట అదే పోయింది. పెద్దాయన తలుపు నంబరు మళ్లీ మళ్లీ కొట్టినాడు. చివరికి లోపలాయనే కొంచెం తేరుకుని తలుపు తీసినాడు. పెద్దాయన మాడ్రిడ్‌లో దించినాడు. రెండు వందల మంది బతికిరి.

ఇది చదివినప్పుడు నాకు మా మూడో షిఫ్టు గుర్తుకొచ్చింది. రింగ్ ఫ్రేముల కాడ ఇద్దరం ఉండేవాళ్లం. ఒక రాత్రి నా జతగాని చొక్కా చెయ్యి బెల్టులో చిక్కుకుంది. నేను ఉరికిపోయి స్విచ్చి ఆపినాను. చెయ్యి దక్కింది. కొన్నేండ్లకు "ఒకరు చాలు" అని ఇంకొకర్ని తీసేసిరి. నూలు అంతే వచ్చింది. రాత్రి భయం మాత్రం మాకు మిగిలింది.

విమానాల భద్రత చూసే యూరప్ సంస్థ ఈ సంగతి పరీక్షించి, ఇద్దరుంటే ఉండే భద్రత ఒక్కరితో వస్తుందని ఇప్పటికి చూపించలేమని 2025లో చెప్పింది. పైలట్ల సంఘాలూ ఒప్పుకోలేదు.

మన పిల్లోళ్లు ఇప్పుడు గార్మెంట్లలో, దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో పని చేస్తున్నారు. రేపు అక్కడ "ఒకరు చాలు" అంటే, పని ఎవరు చేస్తారని మాత్రమే అడగొద్దండప్పా. ఉన్న ఒక్కరూ పడిపోతే మిషను ఎవరు ఆపుతారని కూడా అడగండి.