తగలని తూటా ఎక్కడికి పోతుంది?

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

కిందటేడు ఎన్.సి.సి. క్యాంపులో మా ఫైరింగ్ అయిపోయింది. తలా ఐదు తూటాలు పాయింట్ టూటూ రైఫిల్‌తో కాల్చాం. ఇంకా కొన్ని మిగిలాయి. "ఎంతసేపూ కాగితమేనా ఉస్తాద్, పగిలేదేదైనా పెడదాం" అన్నాడొకడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అదే అనుమతి అనుకొని మావాడు మట్టికట్ట నెత్తిన ఒక ఖాళీ సోడాసీసా, దాని పక్కన ఒక పలుగురాయి నిలబెట్టాడు.

సీసా పగిలింది. చప్పట్లు కొట్టాం. తరువాతి తూటా రాతికి తగిలి "జుయ్య్" మంటూ కట్ట దాటి పోయింది. పరుగెత్తి కట్ట ఎక్కి చూద్దుము గదా, అవతల చేలో ఆడవాళ్లు వంగి కలుపు తీస్తున్నారు. ఒకావిడ నడుం ఎత్తి మా వంక చూసి, మళ్లీ పనిలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ తూటా ఎక్కడ పడిందో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంటికెళ్లి ఈ సంగతి గొప్పగా చెప్పాను. మా నాన్న నవ్వలేదు. "చిన్నప్పుడు మంచె మీద నీకు వడిసెల చేతికిచ్చి ఏం చెప్పాన్రా?" అన్నాడు. రాయి వదిలేముందు పిట్టను కాదు, పిట్ట వెనక చేలో ఎవరున్నారో చూడమని చెప్పాడు. ఫిజిక్స్ చదువుతున్న నాకు ఆ మాట అప్పుడు మళ్లీ కొత్తగా వినిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. పాయింట్ టూటూ తూటాలో సీసం సుమారు 2.6 గ్రాములు. గొట్టం వదిలేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 330 మీటర్లు. అంటే శక్తి సుమారు 140 జౌల్స్. 45 కిలోల యూరియా బస్తాను అడుగు ఎత్తునుంచి జారవిడిస్తే వచ్చే శక్తి ఇంచుమించు ఇంతే! కాని బస్తా నేలమీద పరుచుకొని పడుతుంది. ఇదో, కందిగింజంత చోట దిగుతుంది. ఏ అడ్డూ లేకపోతే మైలు దూరం కూడా పోగలదు.

మరి కాగితం టార్గెట్ దాన్ని ఆపుతుందా? ఆపదు. కాగితం మన గురి ఎలా ఉందో చెబుతుంది, అంతే. తూటాను మింగేది వెనకనున్న మట్టి. మట్టి రేణువులు కదిలి, ఒకదానితో ఒకటి రాసుకొని ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి. ఈ తూటా మూరెడు మట్టిలోపే ఆగిపోతుంది. అయితే ఆ మట్టిలో రాళ్లు ఉండకూడదు. కట్ట నెత్తిన టార్గెట్ పెడితే వెనక మట్టి లేనే లేదు, ఆకాశమే ఉంది. మేము చేసిన మొదటి తప్పు అదీ.

రాయి రెండో తప్పు. గట్టి రాతికి వాలుగా తగిలిన తూటా ఆగదు, దారి మళ్లుతుంది. ఎటు మళ్లుతుందో కాల్చినవాడు చెప్పలేడు. నీళ్లూ అంతే. చెరువులో చిల్లపెంకుతో కప్పగెంతులు వేయించని పల్లెటూరి పిల్లాడుండడు. తూటా కూడా నీటిమీద ఏటవాలుగా పడితే అలాగే గెంతి లేస్తుంది. నీళ్లు నింపిన కుండ పెడితే సరదాగానే ఉంటుంది. నీరు నొక్కితే కుదించుకుపోదు గనక తూటా దూరగానే పక్కలకు తన్ని కుండను బద్దలు చేస్తుంది. కాని కుండ పగిలినంత మాత్రాన తూటా బలం అందులోనే తీరిపోయిందని నమ్మకం లేదు. ఇక సీసా తూటాను ఆపనూ ఆపదు, దాని పెంకులు పశువుల గిట్టల్లోనూ మనుషుల అరికాళ్లలోనూ దిగుతాయి.

అలాగని కాగితం తప్ప వేరే టార్గెట్ పనికిరాదని కాదు. 1900లో పారిస్ ఒలింపిక్స్ సందర్భంగా బతికున్న పావురాలను వందల్లో ఎగరేసి కాల్చారు. అప్పటికే 1880లో అమెరికాలో లిగోవ్‌స్కీ అనే ఆయన మట్టితో పళ్లెంలాంటి బిళ్ల చేశాడు. పిల్లలు నీటిమీద పెంకులు గెంతించడం చూసి ఆయనకా ఆలోచన తట్టిందని చెబుతారు. ఇప్పటి బిళ్ల సున్నపురాతి పొడి, తారువంటి జిగురు కలిపి చేసింది. అడ్డం 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. నాలుగు రవ్వలు తగిలితే పొడి అవుతుంది. దాన్ని కాల్చేది చిన్న సీసపు రవ్వలతో. ఆ రవ్వలు గాలిలోనే బలం పోగొట్టుకొని కొద్ది దూరంలో రాలిపోతాయి. ఆ దూరం వరకు మనుషులు లేకుండా నేల వదులుతారు. 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ మన దేశానికి వెండిపతకం తెచ్చింది ఈ బిళ్లలను కొట్టే.

మెక్సికోలో పుట్టిన పందెం మరొకటి ఉంది. ఇనుప రేకుల కోడి 200 మీటర్లలో, పంది 300లో, టర్కీకోడి 385లో, పొట్టేలు 500లో. తగిలితే బొమ్మ పడిపోవాలి. ఇక్కడా నియమముంది. ఉక్కు గట్టిగా, నున్నగా ఉంటే సీసం చితికి పక్కలకు చిమ్ముతుంది. ఉక్కుమీద గుంటలు పడ్డాయో, ముక్కలు కాల్చినవాడి మీదికే తిరిగిరావచ్చు. అందుకే గుంటలు పడ్డ రేకును తీసి పారేస్తారు, దగ్గరనుంచి కాల్చరు.

ఇవన్నీ ఒకప్పుడు వింత టార్గెట్లే. తగిలిన తూటా ఏమవుతుంది, తగలనిది ఎక్కడికి పోతుంది అని ముందుగా ఆలోచించారు గనక ఆటలో నిలిచాయి. మేము ఆ ఆలోచన లేకుండా సరదా పడ్డాం.

ఈ ఏడు క్యాంపులో ఫైరింగ్‌కు ముందు నేనూ మరో ఇద్దరు మిత్రులమూ మట్టికట్ట మీది రాళ్లన్నీ ఏరి గంపలకెత్తి అవతల పోశాం. కొందరు చూసి నవ్వారు. చేలో రాళ్లేరడం మాకు అలవాటే గనక కష్టమనిపించలేదు.