తులం బంగారంలో క్వార్కుల బరువెంత? ప్రోటాన్ లెక్కలో అసలు సంగతి

2012 జూలై 4న జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనా కేంద్రం హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం దొరికిందని ప్రకటించింది. అప్పటి నుంచి జనంలో ఒక మాట నాటుకుపోయింది: లోకంలో ప్రతి వస్తువుకూ బరువు ఇచ్చేది ఆ "దైవ కణమే" అని. ఈ మాటలో నిజం కొంతే ఉంది. ఆ కొంత ఎంతో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

లెక్క చాలా సులువు, కూడికలు వస్తే చాలు. ఏ వస్తువైనా పరమాణువులతోనే తయారవుతుంది. పరమాణువు బరువులో 99.9 శాతానికి పైగా మధ్యలోని కేంద్రకానిదే. కేంద్రకంలో ఉండేవి ప్రోటాన్లు, న్యూట్రాన్లు. ఒక్కో ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. కణాల బరువును శాస్త్రవేత్తలు మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబుతారు. ఆ కొలతలో అప్ క్వార్కు బరువు సుమారు 2.2, డౌన్ క్వార్కుది 4.7. మూడింటినీ కలిపితే 9 చిల్లర. మరి ప్రోటాన్ బరువు? 938.

అంటే పద్దు పుస్తకంలో 938 రూపాయలు కనిపిస్తుంటే, చేతిలో ఉన్న రసీదులు 9 రూపాయలవే. ఏ ఆడిటరూ ఈ హిసాబ్‌ మీద సంతకం పెట్టడు. హిగ్స్ ఇచ్చేది క్వార్కుల సొంత బరువును మాత్రమే. తులం, అంటే 10 గ్రాముల బంగారం కొంటే అందులో ఆ వాటా సుమారు 100 మిల్లీగ్రాములు. ప్రోటాన్ లోపల క్షణక్షణం పుట్టి మాయమయ్యే క్వార్కు జంటల వాటాను కూడా కలిపి 2018లో కంప్యూటర్లతో లెక్క కట్టారు. అప్పుడు కూడా అది 9 శాతం దగ్గరే ఆగింది. మిగతా బరువంతా ఎక్కడిది?

దానికి జవాబే బలమైన అన్యోన్య చర్య, ఇంగ్లీషులో స్ట్రాంగ్ ఇంటరాక్షన్. పేరులో ఉన్నట్టే ప్రకృతిలోని నాలుగు మూల బలాల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే. గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం మనకు రోజూ తెలుస్తూనే ఉంటాయి. ఇది మాత్రం కేంద్రకం గడప దాటి బయటకు రాదు, అందుకే దీని సంగతి ఎవరికీ పట్టదు.

ఈ బలం ఉండాలని ముందు అనుమానం వచ్చింది కేంద్రకాన్ని చూసే. ప్రోటాన్లన్నీ ధనావేశం ఉన్నవి, ఒకదాన్నొకటి తోసేసుకోవాలి. అయినా ఒకే చోట కిక్కిరిసి ఉంటున్నాయి. 1935లో జపాన్ శాస్త్రవేత్త యుకావా, వాటిని పట్టి ఉంచే బలాన్ని అటూ ఇటూ మోసే ఒక కణం ఉండాలన్నాడు. 1947లో విశ్వకిరణాల్లో ఆ కణం దొరికింది, దాన్నే పయాన్ అంటున్నారు. ఆ తర్వాత ఇలాంటివి ఒకటి కాదు, పదుల సంఖ్యలో బయటపడ్డాయి. బలమైన చర్యకు లోబడే ఈ కణాలన్నిటికీ 1962లో రష్యన్ శాస్త్రవేత్త లెవ్ ఒకున్ హాడ్రాన్లు అని పేరు పెట్టాడు. గ్రీకులో దానికి దిట్టమైనవి అని అర్థం. సెర్న్‌లోని 27 కిలోమీటర్ల యంత్రం పేరులో ఉన్న హాడ్రాన్ కూడా ఇదే.

ఇన్ని కణాలను ఒక వరుసలో పేర్చే పద్ధతిని 1961లో ఇద్దరు విడివిడిగా కనిపెట్టారు. ఒకరు అమెరికాకు చెందిన మరే గెల్-మాన్. రెండో వ్యక్తి యువల్ నేమన్, లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసర్ అబ్దుస్ సలాం దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. సలాంకు నోబెల్ వచ్చింది వేరే పనికి కాబట్టి ఈ సంగతి పెద్దగా ప్రచారంలో లేదు. 1964లో గెల్-మాన్, జార్జ్ జ్వైగ్ వేర్వేరుగా హాడ్రాన్ల లోపల ఇంకా చిన్న కణాలు ఉన్నాయన్నారు. అవే క్వార్కులు. మూడు క్వార్కులుంటే బారియాన్, ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు జతకడితే మెసాన్. ప్రోటాన్ మొదటి రకం, పయాన్ రెండో రకం. 1960ల చివర్లో కాలిఫోర్నియాలోని స్లాక్ కేంద్రంలో ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల మీదకు వేగంగా విసిరి చూస్తే, లోపల గట్టి చుక్కల్లాంటివి ఉన్నట్టు తేలింది.

అయితే ఇంతవరకు ఒంటరి క్వార్కును ఎవరూ చూడలేదు. ఎందుకు? క్వార్కులను కట్టి ఉంచేవి గ్లూవాన్లు అనే కణాలు. 1979లో హాంబర్గ్‌లో వాటి ఆనవాళ్లు దొరికాయి. క్వార్కులకు "రంగు" అనే ఒక రకం ఆవేశం ఉంటుంది. కంటికి కనిపించే రంగుకూ దీనికీ ఏ సంబంధం లేదు, పేరు మాత్రమే. విద్యుత్ బలాన్ని మోసే ఫోటాన్‌కు ఆవేశం ఉండదు. గ్లూవాన్‌కు మాత్రం రంగు ఉంటుంది, అందుకే గ్లూవాన్లు ఒకదాన్నొకటి కూడా లాక్కుంటాయి. దీనివల్ల క్వార్కుల మధ్య బలం దూరం పెరిగినా తగ్గదు. రెండు భారీ క్వార్కులను విడదీయడానికి లాగితే సుమారు 16 టన్నుల బరువును ఎత్తినంత బలం పట్టాలి. ఇంకా లాగితే మధ్యలో పేరుకున్న శక్తి నుంచే కొత్త క్వార్కు, ప్రతిక్వార్కు పుట్టుకొస్తాయి. తాడును ఎక్కడ కోసినా ఒక్క కొన ఉన్న తాడు దొరకనట్టే, ఒక్క క్వార్కూ విడిగా దొరకదు. విరిచిన ప్రతిసారీ ఇంకో హాడ్రాన్ వస్తుంది.

దగ్గరికి వస్తే మాత్రం ఉల్టా. క్వార్కులు ఎంత దగ్గరైతే బలం అంత సడలుతుంది. 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, డేవిడ్ పొలిట్జర్ దీన్ని గణితంతో చూపించారు. 2004లో వారికి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు తప్పిపోయిన 929 సంగతి. ప్రోటాన్ వ్యాసార్థం మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. అంత ఇరుకు గదిలో బందీ అయిన క్వార్కులు కాంతి వేగానికి దగ్గరగా పరుగులు తీస్తుంటాయి, వాటి చుట్టూ గ్లూవాన్ల అల్లకల్లోలం. ఆ శక్తే బరువుగా తూగుతుంది. శక్తికీ ద్రవ్యరాశికీ లంకె ఉందని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. మూత బిగించిన వేడి కుక్కర్ చల్లారిన దానికన్నా లేశమంత ఎక్కువ బరువుంటుంది. అక్కడ ఏ తూకానికీ అందనంత చిన్నది ఆ తేడా. ప్రోటాన్‌లో అదే దాదాపు మొత్తం బరువు. 2008లో యూరప్ శాస్త్రవేత్తల బృందం సూపర్ కంప్యూటర్లతో ఈ సిద్ధాంతం నుంచే ప్రోటాన్ బరువును లెక్క కట్టింది. కొలిచిన విలువకు కొద్ది శాతం తేడాలో జవాబు వచ్చింది.

అలాగని హిగ్స్ వాటాను చిల్లర కింద కొట్టిపారేస్తే అదీ తప్పే. డౌన్ క్వార్కు అప్ కన్నా బరువైనది కాబట్టే రెండు డౌన్లు ఉన్న న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా 1.3 పాయింట్లు ఎక్కువ తూగుతుంది. అందుకే ఒంటరి న్యూట్రాన్ సగటున 15 నిమిషాల లోపే ప్రోటాన్‌గా మారిపోతుంది, ప్రోటాన్ మాత్రం నిలబడుతుంది. విద్యుదావేశం ఒక్కటే లెక్కలోకి వస్తే ప్రోటానే బరువయ్యేది. అప్పుడు హైడ్రోజన్ నిలిచేది కాదు, హైడ్రోజన్ లేకపోతే నీళ్లు ఎక్కడివి?

పద్దులో ఇంకా తేలనివి ఉన్నాయి. ప్రోటాన్‌కు బొంగరంలా స్పిన్ అనే గుణం ఉంది. అందులో క్వార్కుల స్పిన్ వాటా సుమారు 30 శాతమే అని కొలతలు చెబుతున్నాయి. మిగతాది గ్లూవాన్లదెంత, క్వార్కుల ప్రదక్షిణలదెంత అని తేల్చడానికే అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ తలపెట్టారు. రెండు, మూడు క్వార్కుల లెక్కకు అందని హాడ్రాన్లూ బయటపడుతున్నాయి. 2003లో జపాన్‌లోని బెల్ ప్రయోగంలో ఎక్స్ 3872 అనే వింత కణం దొరికింది. 2015లో సెర్న్‌లో అయిదు క్వార్కుల కణాలు కనిపించాయి. ఆ ఎక్స్ 3872 లోపల నాలుగు క్వార్కులు ఒకే ముద్దగా ఉన్నాయా, రెండు మెసాన్లు పక్కపక్కన అంటుకుని ఉన్నాయా అన్నది ఇప్పటికీ వాదనలోనే ఉంది. బెల్ తర్వాత వచ్చిన బెల్-2 ప్రయోగంలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ శాస్త్రవేత్తలు కూడా పనిచేస్తున్నారు.