పిల్లికూతల వెనుక ఏముంది?

అర్ధరాత్రి. మూడేళ్ళ తమ్ముడు నిద్రలో దగ్గుతున్నాడు. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి సన్నని ఈల వినిపిస్తోంది. వీటినే పిల్లికూతలు అంటారు. మరి ఇది ఉబ్బసమేనా?

అంత సులువుగా చెప్పలేం. కురబలకోటకు దగ్గరలో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది కదా! 1912లో మొదలైన అక్కడి క్షయ చికిత్సాలయంలో డాక్టర్లు ఫ్రిమోట్ ముల్లర్, బార్టన్ ఒక వింత గమనించారు. కొందరు రోగులకు దగ్గు ఉంది, ఎక్స్‌రేలో క్షయలాంటి మచ్చలున్నాయి. కానీ క్షయక్రిములు లేవు! రక్తంలో మాత్రం ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయి. ఈ సంగతిని వారు 1940లో ప్రకటించారు. దోమలు మోసుకొచ్చే ఫైలేరియా క్రిములే దీనికి కారణమని తరువాత తేలింది. చూడడానికి క్షయ, అసలు జబ్బు వేరు!

చిన్నపిల్లల పిల్లికూతల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. మామూలు జలుబుతోనూ అవి వస్తాయి. చాలామందికి బడి వయసుకు పోతాయి. వేరుశనగలు తింటున్న పిల్లవాడికి హఠాత్తుగా కూతలు మొదలైతే, గింజ శ్వాసనాళంలో ఇరుక్కుందేమో చూడాలి. పెద్దవాళ్ళయితే స్పైరోమీటరులోకి గట్టిగా ఊదుతారు. మూడేళ్ళవాడు చెప్పినట్టు ఊదుతాడా?

అందుకే డాక్టరు ప్రశ్నలు అడుగుతారు. జలుబు లేనప్పుడూ కూతలు వస్తాయా? పరుగెత్తినా, నవ్వినా దగ్గుతాడా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా? పొయ్యి పొగ తగులుతోందా? తమ్ముడు చెప్పలేడు. చూసిన మీరే చెప్పాలి!

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. సాల్బుటమాల్ ఆ బిగుతును సడలిస్తుంది. కూతలు తరచూ వస్తుంటే, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందును తక్కువ మోతాదులో రెండు మూడు నెలలు పీల్పించి చూస్తారు. మందుతో తగ్గి, ఆపితే తిరగబెడితే ఉబ్బసమనే అనుమానం బలపడుతుంది. అంటే చికిత్సే ఒక పరీక్ష అన్నమాట!

చిన్నపిల్లలకు ఇన్‌హేలరును స్పేసర్ అనే డొల్లగొట్టానికి తగిలించి, ముఖానికి మాస్కు పెట్టి మందు ఇస్తారు. ఇన్‌హేలరు వాడితే అలవాటైపోతుందన్నది అపోహ. మందు నేరుగా శ్వాసనాళాలకే చేరుతుంది కాబట్టి కొద్దిపాటి మోతాదే చాలు.

ఒక్కటి గుర్తుంచుకోండి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఆయాసంతో మాట్లాడలేకపోతున్నా ఆలస్యం చేయకూడదు. వెంటనే పెద్దలకు చెప్పండి, 108కి ఫోన్ చేయించండి.

ఈ రాత్రి తమ్ముడు దగ్గితే, ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేశాక అన్నది నోటుపుస్తకంలో రాయండి. డాక్టరుకు ఆ పేజీ ఎంతో పనికొస్తుంది!