అక్షరానికి రంగు అంటిన కథ

కంప్యూటర్ ఫాంటు పుట్టుకతో రంగు ఎరుగనిది. 1984 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లలోనూ, 1991లో ఆపిల్ తెచ్చిన ట్రూటైప్‌లోనూ, ఆ రెండు దారుల్నీ కలిపిన ఓపెన్‌టైప్‌లోనూ అక్షరమంటే హద్దుగీతే. ఎక్కడ మొదలవ్వాలి, ఎలా వంపు తిరగాలి, ఎక్కడ మూసుకోవాలి అన్నదే ఆ ఫైలు చెబుతుంది. ముగ్గు గీసిచ్చి పక్కకు తప్పుకున్నట్టు ఫాంటు తన పని ముగిస్తుంది. లోపల ఏ రంగు నింపాలో వర్డో ఫోటోషాపో చూసుకుంటుంది, అదీ అక్షరమంతటికీ ఒకే రంగు.

రంగు అక్షరాల మీద మోజు మాత్రం అచ్చుయంత్రమంత పాతది. జర్మనీలోని మైన్జ్ నగరంలో గూటెన్‌బర్గ్‌కు పెట్టుబడి పెట్టిన యోహాన్ ఫుస్ట్, ఆయనతో జతకట్టిన పీటర్ షోఫర్ కలిసి 1457లో ఒక కీర్తనల గ్రంథం అచ్చువేశారు. ముద్రణ పూర్తయిన తేదీని, ఆగస్టు 14 అని, అందులోనే వేశారు. దాంట్లో పెద్ద తొలి అక్షరాలు ఎరుపులో, నీలంలో ఉంటాయి. అక్షరం ఒక లోహపు ముక్క, చుట్టూ ఉన్న లతల అల్లిక ఇంకో ముక్క. విడదీసి వేర్వేరు సిరాలు పూసి, మళ్లీ ఒకదానిలో ఒకటి బిగించేవారు. ఫలితం అద్భుతం, శ్రమ అంతకు మించింది. ఆ తరువాత చాలాకాలం ముద్రాపకులు పెద్దక్షరానికి చోటు ఖాళీగా వదిలి, చేత్తో రంగు వేయించుకోవడమే నయమనుకున్నారు.

ఈ కథలో నాకు నచ్చిన మనిషి అమెరికాలోని కనెటికట్‌కు చెందిన విలియం హామిల్టన్ పేజ్. సర్కస్ పోస్టర్లకు, వేలంపాటల ప్రకటనలకు కావలసిన భారీ అక్షరాలను సీసంతో పోస్తే మోయలేని బరువు. అందుకని వాటిని చెక్కతో కోసేవారు. పేజ్ 1874లో తన రంగుల చెక్క అక్షరాలకు ఒక నమూనా పుస్తకం వేశాడు. ఒక్కో అక్షరానికి ఒకటికి మించి దిమ్మెలు ఉంటాయి. ఒకటి ముఖానికి, ఒకటి అంచుకు, ఇంకొకటి నీడకో నగిషీకో. ఒక రంగు కొట్టాక అదే కాగితాన్ని రెండో దిమ్మె కిందికి పంపాలి. రెండు సిరాలు ఒకదానిపై ఒకటి పడ్డచోట మూడో రంగు ఉచితంగా వచ్చేది. కాగితం వెంట్రుకవాసి జరిగితే అక్షరం అంచున తెల్లటి గీత బయటపడేది. మన దగ్గర ట్రెడిల్ మెషీన్ మీద పసుపు, ఎరుపు శుభలేఖలు కొట్టినవాళ్లకు ఈ తిప్పలు వేరే చెప్పనక్కరలేదు. పేజ్ వ్యాపారాన్ని 1891లో విస్కాన్సిన్‌లోని హామిల్టన్ కంపెనీ కొనేసింది. రంగును పొరలుగా విడదీయడమనే ఆలోచన అతనిది కాకపోయినా, దాన్ని అంత అందంగా చేసి చూపినవాళ్లు అరుదు. ఈ పొరల సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

కంప్యూటర్ అక్షరానికి రంగు తెచ్చింది పోస్టర్ కళాకారులూ కాదు, టైపు డిజైనర్లూ కాదు. నవ్వు ముఖాలు! జపాన్‌లో 1999లో షిగెతకా కురిత ఎన్‌టీటీ డొకోమో ఫోన్ల కోసం 176 చిన్న బొమ్మలు గీశాడు, ఒక్కోటి 12 చుక్కల వెడల్పు, 12 చుక్కల ఎత్తు. 2010లో యూనికోడ్ 6.0 ఇలాంటి వందల బొమ్మలకు సంకేతాలు ఇవ్వడంతో ఎమోజీ కూడా ‘అ’, ‘ఆ’ల్లాగే ఒక అక్షరమైపోయింది. అక్షరమన్నాక ఫాంటులో ఉండాలి. నలుపులో గీసిన టమాటాను ఎవరు మెచ్చుతారు?

కంపెనీలు తలో దారి పట్టాయి. ఆపిల్ ప్రతి ఎమోజీని చిన్న ఫోటోలా ఫాంటులో అతికించింది. గూగుల్ కూడా ఫోటో దారే పట్టింది కానీ వాటిని ఫాంటులో దాచే తీరు వేరు. అడోబీ, మొజిల్లా పక్షం వారు అక్షరం స్థానంలో గీతలతో గీసే ఎస్‌వీజీ బొమ్మనే కూర్చోబెట్టారు. మైక్రోసాఫ్ట్ 2013లో విండోస్ 8.1తో పూర్తిగా మరో మార్గం తీసింది. ఎవరూ వెనక్కి తగ్గలేదు. చివరకు 2016లో వచ్చిన ఓపెన్‌టైప్ 1.8 ప్రమాణం నాలుగింటికీ చోటిచ్చింది. ప్రమాణం అంటే ఒక్కటే ఉండాలన్న మాట ఇక్కడ చెల్లలేదు.

వీటిలో తెలివైనది మైక్రోసాఫ్ట్ దారేనని నా అభిప్రాయం. దాని ప్రకారం రంగు అక్షరమంటే కొన్ని మామూలు అక్షరాల దొంతర. ఏ ఆకారం కింద, ఏది పైన, దేనికి ఏ రంగు అన్నది ఒక పట్టికలో ఉంటుంది. రంగులు మరో పట్టికలో విడిగా ఉంటాయి. ఆ రెండో పట్టిక మారిస్తే అక్షరాలన్నీ ఒక్కసారిగా చీర మార్చుకుంటాయి. పేజ్ దిమ్మెలే ఇవి, చెక్క పోయి గీతలు వచ్చాయంతే. మొదట్లో చదునైన రంగులే సాధ్యమయ్యేవి. ఒక రంగు మరో రంగులోకి కరిగిపోయే ఛాయలకు వీలిచ్చే కొత్త రూపం 2022లో క్రోమ్ 98తో వాడుకలోకి వచ్చింది. గూగుల్ ఎమోజీ ఫాంటు ఫోటోల పద్ధతిలో సుమారు 9 ఎంబీ ఉంటే, ఈ పద్ధతిలో కుదిస్తే 2 ఎంబీకి లోపే సరిపోయింది.

డిజైనర్ల చేతికి రంగు ఫాంటు అందింది ఫోటోషాప్ 2017 వెర్షన్‌తో. 2017లోనే గిల్బర్ట్ అనే ఫాంటు ఉచితంగా విడుదలైంది. ఇంద్రధనుస్సు జెండాను 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందించిన గిల్బర్ట్ బేకర్ 2017 మార్చిలో చనిపోయాడు, ఇది ఆయనకు నివాళి. గుడ్డకు చేత్తో రంగులద్ది, పట్టీలు కుట్టి ఎనిమిది రంగుల జెండా చేసిన పనివాడి పేరు ఒక రంగుల ఫాంటుకు దక్కడం సబబుగా ఉంది.

ఇక చేతిపనుల సంగతి. స్టిక్కర్లు, కప్పుల మీది బొమ్మలు, శుభలేఖలు, ఫ్లెక్సీలు, అంటే ప్రింటర్ నుంచి బయటికొచ్చే ఏ వస్తువుకైనా రంగు ఫాంటు హాయి. కాకపోతే ఫోటో రకం ఫాంటును ఫ్లెక్సీ సైజుకు సాగదీస్తే గళ్లు గళ్లుగా విడిపోతుంది. గీతల రకానికి ఆ బాధ లేదు. తెర మీద మెరిసే రంగులు అచ్చులో కాస్త మసకబారతాయి కాబట్టి ఒక కాపీ తీసి చూసుకోవడం మంచిది.

వినైల్ కోసే కటింగ్ మెషీన్ దగ్గర కథ మారుతుంది. దాని కత్తికి రంగు తెలియదు, గీత ఒక్కటే తెలుసు. మూడు రంగుల అక్షరం కావాలంటే మూడు షీట్లు విడివిడిగా కోసి ఒకదానిపై ఒకటి అంటించాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లోనూ రంగుకో స్క్రీన్ తప్పదు. ఇలాంటి పనులకు ముఖం ఒక ఫాంటుగా, నీడ ఒక ఫాంటుగా విడిగా ఇచ్చే పొరల ఫాంట్లే మేలు. డేవిడ్ జొనాథన్ రాస్ గీసిన బంగీ అలాంటిది, ఉచితంగా దొరుకుతుంది.

తెలుగుకు వచ్చేసరికి ఇంకో చిక్కుంది. రంగు ఫాంటులో ఒక ఆకారం తన పొరలన్నీ వేసుకున్నాకే పక్క ఆకారం మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఎడంగా నిలబడతాయి కాబట్టి పెద్దగా ఇబ్బంది రాదు. మన ‘స్త్రీ’లో ఒత్తులు, గుణింతం ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుంటాయి. వాటిని వేర్వేరు ముక్కలుగా గీస్తే, తరువాత వచ్చే ఒత్తు నీడ ముందే వేసిన అక్షరం ముఖం మీద పడుతుంది. దాన్ని తప్పించాలంటే ప్రతి సంయుక్తాక్షరాన్నీ ఒకే ఆకారంగా గీయాలి, అంటే వందల బొమ్మలు. లేదా నీడలన్నీ ఒక పొరగా ముందు వేసి, ముఖాలన్నీ దాని మీద వేయాలి. సైన్‌బోర్డు పెయింటర్లు ముఖం, నీడ కలవకుండా బ్రష్షుతో సాధించింది ఇదే. తెలుగులో రంగు ఫాంటు చేయబోయేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: అందమైన ‘అ’తో మొదలుపెట్టకండి, ముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ రాసి చూడండి. అవి నిలబడితే మిగతా అక్షరాల గురించి బెంగ అక్కర్లేదు.