ఇరుసు కోసం అరిగే బుష్షు

మాక్లూరు, ఆర్మూరు ప్రాంతాలలో పసుపు త్రవ్విన తరువాత కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, జల్లెడవంటి ఇనుప డ్రమ్ములో వేసి త్రిప్పుతారు. కొమ్ములు ఒకదానినొకటి రాచుకొని పైతోలు, వేళ్ళు, మట్టి రాలిపోతాయి. నునుపెక్కిన పసుపుకే మార్కెట్టులో మంచి ధర. కాని ఆ రాపిడి డ్రమ్ములోనే ఆగదు. రాలిన ధూళి, అందులోని ఇసుక, ఇరుసును మోసే బుష్షులలోకి కూడా చేరుతాయి. కళ్ళంలో పసుపు ఆరబోసి వుండగా డ్రమ్ము ఆగిపోవడానికి తరచు ఇదే కారణం.

బుష్షు అంటే ఇరుసు తిరిగే లోహపు గొట్టం. ఉక్కు ఇరుసుకు గన్‌మెటల్ అనే కంచు బుష్షు వేస్తారు. మెత్తని లోహం ఎందుకు? రెండింటిలో ఏదో ఒకటి అరగవలసి వస్తే, చౌకగా దొరికేదీ సులభంగా మార్చదగినదీ అరగడం మేలు కదా! అయితే ఇందులో ఒక విచిత్రం వున్నది. ఇసుక రేణువులు మెత్తని కంచులో గ్రుచ్చుకొని నిలిచిపోతే, బుష్షే ఆకురాయిగా మారి గట్టి ఉక్కును కోస్తుంది. అందుచేత మురికి కందెన మీద క్రొత్తది పూయరాదు. పాతదానిని కిరసనాయిలుతో కడిగివేయాలి.

ఓడలకూ ఈ చిక్కు తప్పలేదు. మర ఇరుసు నీటిలోకి వెళ్ళేచోట లోహపు బుష్షులు త్వరగా అరిగిపోయేవి. 1854లో ఇంగ్లండులో జాన్ పెన్ అక్కడ లిగ్నమ్ వీటే అనే గట్టి కర్ర పలకలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. పలకల సందులలో పారే నీరే కందెన అయింది. రేడియోతో నడిచే ఆట పడవలలో కూడా ఇరుసు గొట్టానికి రెండు కొసలా చిన్న బుష్షులు వుంటాయి.

బుష్షు అరిగినదీ లేనిదీ తెలియాలంటే యంత్రాన్ని ఆపి, బెల్టు తీసి, ఇరుసును మీటతో పైకెత్తి చూడాలి. నాజూకు యంత్రాలలో ఇరుసు వ్యాసంలో వెయ్యవ వంతు సందు వుంచుతారు. అంటే 40 మి.మీ. ఇరుసుకు 0.04 మి.మీ. పసుపు డ్రమ్ముకు అంత సున్నితం అక్కరలేదు. కాని చేతికి తెలిసేటంత కదలిక వుంటే బుష్షు మార్చవలసినదే. అరుగుదల చుట్టూ సమంగా వుండదు. బరువు క్రిందికీ, బెల్టు ప్రక్కకూ లాగుతాయి. ఆ రెండింటి ఫలితబలం నొక్కే వైపునే రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారం పొందుతుంది. చమురు రంధ్రం ఆ వైపున వుండరాదు.

క్రొత్త బుష్షును సుత్తితో కొట్టి దింపకుండా, పొడవాటి బోల్టు, నట్టు, వాషర్ల సాయంతో మెల్లగా లోనికి లాగాలి. బిగువుగా కూర్చున్నప్పుడు దాని రంధ్రం కొంచెం కుంచించుకొంటుంది, రీమరుతో సరిచేయాలి. అంతకు ముందే ఇరుసు మీద గోరు పెట్టి చూడాలి. గోటికి గాడి తగిలితే, ఇరుసును లేతు మీద సన్నగా తీయించి, ఆ కొలతకే బుష్షు చేయించవలెను.